తీరానికి అడ్డంగా

జొన్నాడ దగ్గర హైవే పక్కన నిలబడ్డవాడికి సముద్రం వైపు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి అందరూ పోయేదే. గౌతమి వంతెన ఎక్కి రావులపాలెంలో దిగి, అరటి గెలల లారీల సందులోంచి ఎడమకి తిరిగితే కొత్తపేట మీదుగా అమలాపురం. రెండోది వంతెన ఎక్కకుండా, ఏటిగట్టు పట్టుకుని, గౌతమిని కుడిచేతి పక్కన ఉంచుకుని కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా యానాం దాకా. మొదటి దారిలో సముద్రం తొందరగా వస్తుంది. రెండో దారిలో ఏరు కొంచెం కొంచెంగా సముద్రం కావడం కనిపిస్తుంది. నాకు రెండోదే ఇష్టం. కారు నడిపే మా బావమరిదికి మొదటిది, ఎందుకంటే గట్టు మీద ఎదురుగా ట్రాక్టరొస్తే వెనక్కి పోవలసింది తనే.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక ఆలమూరు మండలంతో పాటు జొన్నాడ కూడా కాగితం మీద కోనసీమ అయిపోయింది. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్నదే కోనసీమ, ఏరు దాటకుండా కోనసీమవాడివెలా అవుతావురా అంటారు. వాళ్ల మాట ప్రకారం జొన్నాడ గుమ్మం మాత్రమే, ఇల్లు అవతల గట్టున ఉంది.

కోస్తా రోడ్డు ప్రయాణమని బయల్దేరేవాళ్లకి మా వైపు ఆధారం 216 నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర పెద్ద హైవేని వదిలేసి కాకినాడ, యానాం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, దిండి, నరసాపురం అనుకుంటూ ఒంగోలు దాకా పోతుంది. తీరం ఎటు వంగితే తనూ అటే వంగుతుంది. ఫోను తీస్తే చూడవలసిన చోట్లన్నీ ఈ రోడ్డుకి అటూ ఇటూ చుక్కలు పెట్టి ఉంటాయి: కోరింగ అడవి, యానాం గట్టు, ఓడలరేవు బీచి, దిండి, అంతర్వేది. ఒక్కో చుక్కా చూసుకుంటూ పోతే యాత్ర పూర్తయినట్టే.

ఈ రోడ్డు మీద తిరిగినకొద్దీ నాకు ఒక సంగతి పట్టుకుంది. తీరం వెంట పోయేది మనమే. ఇక్కడి ప్రాణులు దాదాపు అన్నీ తీరానికి అడ్డంగా పోతాయి. పులస సముద్రంలోంచి ఏట్లోకి వస్తుంది. తాబేలు సముద్రంలోంచి ఇసుక మీదికి వస్తుంది. బావురుపిల్లి చీకటి పడ్డాక మడ అడవిలోంచి రొయ్యల చెరువు గట్టు మీదికి వస్తుంది. గుడ్డికొంగ తెల్లారి చేల మీదికి పోయి సాయంత్రం ఊరి చింతచెట్టుకి తిరిగొస్తుంది. మన గీతా వాటి గీతా ఎక్కడో ఒకచోట ఒకదాన్నొకటి దాటతాయి. ఆ కూడలి దగ్గర, అవి వచ్చే వేళకి మనం ఉంటే చూసినట్టు. లేకపోతే ఎంత దూరం పోయినా ఇసుకా నీళ్లూ చూసి, కొబ్బరిబోండాం తాగి తిరిగి రావడమే. అదీ బాగానే ఉంటుంది, కాదనను.

జొన్నాడ వంతెనే అలాంటి ఒక కూడలి. ఆషాఢంలో, ఎగువన వానలు పడి గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు, వంతెన మీద మనం విశాఖకో విజయవాడకో పోతుంటాం. సరిగ్గా మన చక్రాల కింద, ఆ ఎర్రటి నీళ్లలో, ఉప్పునీళ్లు వదిలి వచ్చిన చేప ధవళేశ్వరం వైపు ఎదురీదుతుంటుంది. సముద్రంలో పట్టినప్పుడు దాన్ని విలస అంటారు, ఏట్లో పడి ఈదాక పులస. రెండూ ఒకటే చేపని శాస్త్రవేత్తలు చెబుతారు. పులుసు తిన్న తరవాత ఈ గట్టు మీద ఆ మాట ఎవరూ ఒప్పుకోరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా కిలో వేలల్లో పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టిన జనం పుస్తెలు ఎంతవరకు అమ్మారో గాని, ఒడిశా నుంచి ఐసుపెట్టెలో వచ్చిన చేపకి పులస అని పేరు పెట్టి అమ్మడం మాత్రం బాగా నేర్చుకున్నారు.

అది వచ్చేది మన పులుసు కోసం కాదు, గుడ్లు పెట్టడానికి. మంచినీళ్లలో గుడ్డు, పిల్ల కాస్త ఎదిగాక మళ్లీ ఉప్పునీళ్లు. ఈ దారికి అడ్డం ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా. ఇప్పుడున్న బ్యారేజీ 1982కి పూర్తయింది. మా వైపు కాటన్ విగ్రహం లేని ఊరుని వెతుక్కోవాలి, అందులో తప్పేమీ లేదు. ఆయన లేకపోతే ఈ గట్టు పక్కన ఇంత పచ్చదనం లేదు, పూతరేకులకి బియ్యం లేవు. కాని పొలానికి నీళ్లిచ్చిన ఆ కట్టడమే పులసకి గోడ. ఈ మాట ఇప్పటి పర్యావరణవాదులు కొత్తగా కనిపెట్టింది కాదు. మన దేశపు మంచినీటి చేపల మీద ఫ్రాన్సిస్ డే 1873లో సర్కారుకి ఇచ్చిన నివేదికలోనే ఆనకట్టలు వలస చేపల దారి మూసేస్తున్నాయని రాశాడు. తెల్లదొర మాట తెల్లదొరలే వినలేదు. సింధు నది మీద 1955లో కోట్రీ బ్యారేజీ వచ్చాక ఇదే చేపకి, అక్కడ పల్లా అంటారు, ఎగువ దారి మూసుకుపోయింది. గంగ మీద 1975లో ఫరక్కా. మూడు నదుల మీద మూడు భాషలవాళ్లు ఒకే చేపని పండగలా తింటారు, ముగ్గురూ దాని తలుపు వేసేశారు.

అందుకే మనిషి ఏటి మీద కట్టినవాటిలో వంతెన ఒక్కటే పెద్దమనిషి అనిపిస్తుంది నాకు. స్తంభాల మధ్య ఖాళీ వదులుతుంది. పైన మనం, కింద చేప. ఎవరి దారి వారిది.

జొన్నాడ దిగువన ఇసుక మేటల మీద మాత్రం అంత మర్యాద లేదు. ఎండాకాలం ఏరు సన్నబడ్డాక తేలే ఇసుక మనకి ర్యాంపు, లారీ, టన్నుల లెక్క. తీతువు పిట్టకి అది పురిటిల్లు. గూడంటూ కట్టదు. నేల మీదో, గులకరాళ్ల మధ్యో, చిన్న గుంటలో మచ్చల గుడ్లు పెట్టేస్తుంది, రెండడుగుల దూరంలో నిలబడ్డా రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు. మనిషి దగ్గరికొస్తే నెత్తి మీద గింగిరాలు తిరుగుతూ అరుస్తుంది. తీతువు అరిస్తే చావు కబురని జనం భయం. దాని వైపునుంచి చూస్తే అరవక ఏం చేస్తుంది, లారీ వస్తోంది కదా.

కోటిపల్లి దగ్గర ఎక్కువసేపు ఆగం. రేవులో పంటు మీద ముక్తేశ్వరం వైపు పోయే మోటారు సైకిళ్లు, ఏట్లో రైలు వంతెన కోసం లేపిన స్తంభాలు. కాకినాడనుంచి ఇక్కడికి వచ్చే రైలు పట్టాలు 1940లో యుద్ధం కోసమని పీకేశారు, మళ్లీ వేసింది 2004లో. నరసాపురం దాకా పొడిగించే సంగతి ఇంకా నడుస్తోంది. మా తాతగారి కాలంనుంచి ఈ రైలు వస్తూనే ఉంది.

యానాం దాటి కాకినాడ వైపు కాస్త పోతే, తాళ్లరేవు తరవాత, కోరింగ. 1978లో ప్రకటించిన అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. టికెట్టు కొనుక్కుని చెక్కబాట మీద నడుస్తాం. రెండు పక్కలా తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల. తిల్ల కొమ్మ విరిస్తే పాలు కారతాయి. అవి కంట్లో పడితే అంతే సంగతులు, అందుకని పల్లెకారులు దాని జోలికి జాగ్రత్తగా పోతారు. ఉప్పుపొన్న గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడుగాటి కాయలా వేలాడి, బురదలోకి నిట్టనిలువుగా దిగిపోతుంది. మడ చెట్ల వేళ్లు బురదలోంచి ఊపిరి కోసం పైకి పొడుచుకొస్తాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఈ వేళ్ల ముందు ఫోటో దిగి, జంతువులేవీ అని అడుగుతారు.

జంతువులున్నాయి. అవి గడియారం చూసి రావు, పోటూ పాటూ చూసి వస్తాయి. పాటు సమయంలో నీళ్లు తీశాక ఆ బురద మీద అరగంట కదలకుండా నిలబడండి. ముందు ఏమీ ఉండదు. తరవాత కంతల్లోంచి పీతలు బయటికొస్తాయి, మగదానికి ఒక డెక్క ఒంటికి మించినంత ఉంటుంది, దాన్ని ఊపుతూ ఆడదాన్ని పిలుస్తుంది. బురదలో గెంతే చేపలు, కళ్లు నెత్తి మీద పెట్టుకుని, చేపననే మాట మరిచిపోయినట్టు వేళ్ల మీదికి ఎగబాకుతాయి. చర్మం తడిగా ఉన్నంతసేపూ దానితోనే ఊపిరి తీసుకోగలవు. నల్లనెత్తి లకుముకి పిట్ట వీటికోసమే పై కొమ్మ మీద కూర్చుని ఉంటుంది. పోటు మొదలయ్యేసరికి ఆట మొత్తం ముగుస్తుంది. కాలవ రేవులో పడవ కడుతున్న ఒకాయన్ని, ఏ వేళకి రమ్మంటారండీ అని అడిగితే, "మీకు కుదిరే వేళ అడుగుతున్నారా, దానికి కుదిరే వేళ అడుగుతున్నారా అండీ" అన్నాడు. వెటకారమే, కాని అడగవలసిన ప్రశ్న.

బావురుపిల్లిని నేనెప్పుడూ చూడలేదు. ఊరపిల్లికి రెండింతలుంటుంది, ముందుకాళ్ల వేళ్ల మధ్య పలచటి చర్మం, నీళ్లలో దిగి చేపని కొట్టి పడుతుంది. తిరిగేది రాత్రిపూట. మనల్ని రానిచ్చేది పగటిపూట. ఇద్దరికీ పొత్తు కుదరదు. దాని అడుగులు మాత్రం ఒకసారి బురద మీద చూపించారు, నీటివైపునుంచి గట్టువైపు తిన్నగా, ఒక్క వంకర లేకుండా. నీటికుక్కలు కాస్త నయం, పొద్దున్నే గుంపుగా కాలవ దాటతాయి, అరుపులు వినబడతాయి.

చలికాలంలో కాకినాడ దగ్గరి బురదమేటల మీద వాలే ఉల్లంకుల సంగతైతే, అవి దాటేది తీరాన్ని ఒక్కదాన్నే కాదు. సైబీరియా వైపునుంచి హిమాలయాలనీ దాటి వచ్చిన పిట్టలు వాటిలో ఉంటాయి. వాటి ముందు మన ఎనభై కిలోమీటర్ల యాత్ర ఏపాటిది.

అడ్డంగా వచ్చేవాటిలో ప్రాణం లేనివీ ఉన్నాయి. కోరింగ ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన వచ్చి దాన్ని ఊడ్చేసింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లెవరూ ఆ గాలిని మరిచిపోలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. లక్షల కొబ్బరిచెట్లు విరిగి పడ్డాయి. వరద పడమటినుంచి వస్తుంది, ఉప్పెన తూర్పునుంచి వస్తుంది. రెంటికీ మధ్య ఉత్తర దక్షిణాలుగా రోడ్డు వేసుకుని, దానికి కోస్తా రహదారి అని పేరు పెట్టుకుని తిరుగుతున్నాం.

యానాం దగ్గర గౌతమిని దాటే వంతెన 2002లో వచ్చింది, లోక్‌సభ స్పీకరు బాలయోగి పేరు పెట్టారు, ఆయన అదే ఏడు మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. దాని మీదుగా ఎదుర్లంక దిగాక రోడ్డు రంగు మారుతుంది. వరి తగ్గి నీళ్లు పెరుగుతాయి. రోడ్డుకి ఇటు మురుగు కాలవ, అటు రొయ్యల చెరువు. చెరువు చుట్టూ పీతలు రాకుండా వల, పైన పక్షులు వాలకుండా దారాలు. అప్పు చేసి చెరువు వేసినవాడి బాధ నాకు తెలుసు, మా చుట్టాల్లోనే ఉన్నారు. నీటికుక్క ఒక రాత్రి దిగిందంటే వాడికి నష్టమే, అయితే నిన్నటిదాకా అక్కడున్నది నీటికుక్క దారి. దారాలకి చిక్కుకుని ఎండిపోయిన లకుముకి పిట్టల్ని తెల్లారి పాలేరు తెంపి గట్టు మీద పారేస్తాడు.

ఈ రోడ్డు మీదే తొలకరి రాత్రి కప్పలు దాటతాయి. కప్పల వెనక నీరుకట్టు పాములు. పాముల వెనక ముంగిస. పొద్దున్నే కారులో పోతే అందరూ అక్కడే ఉంటారు, తారు మీద, పలచగా. ఒకసారి జెర్రిపోతు ఒకటి నింపాదిగా దాటుతుంటే బావమరిది బ్రేకు వేశాడు. వెనక బస్సువాడు హారన్ మోగించి, కిందకి దిగి, పామని తెలిసి, "చంపేయండి సార్, ఇళ్లలోకి దూరుతుంది" అన్నాడు. జెర్రిపోతుకి విషం లేదు, అది తినే ఎలకలకి మన ధాన్యం మీద ఉన్న ప్రేమ అందరికీ తెలిసిందే. బావమరిది మాట్లాడకుండా సిగరెట్ వెలిగించాడు. అది కాలవలోకి దిగేదాకా కారు కదల్లేదు. ఆ రోజు ఏ బీచిలో ఏం చూశామో గుర్తు లేదు.

అంతర్వేదికి మామూలుగా అందరూ పోయే వేళ పగలు. స్వామి దర్శనం, లైటుహౌసు, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం, పౌర్ణమికి సముద్రస్నానం. లక్షల జనం. సరిగ్గా ఆ మాఘ ఫాల్గుణాల్లోనే, జనం లేని ఇసుకల మీదికి, రాత్రిపూట, ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఒడిశాలో గహిర్మఠ, రుషికుల్య దగ్గర వేలాదిగా ఒక్కసారే వచ్చి గుడ్లు పెడతాయి. మన తీరానికి ఒకటీ అరా వస్తాయి, అందుకే పేపర్లోకి ఎక్కవు. ఇసుక తవ్వి వంద గుడ్ల దాకా పెట్టి, పూడ్చి, ఒంటితో చదును చేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది తల్లి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది. గుంట బయటపడ్డ పిల్ల వెలుతురున్న వైపు పరుగెడుతుంది, సముద్రం మీది ఆకాశమే వెలుగు అన్న లెక్కతో. రిసార్టు దీపం ఆ లెక్క తప్పిస్తుంది. నక్కలూ ఊరకుక్కలూ మిగిలింది చూసుకుంటాయి.

పేపర్లోకెక్కేవి చచ్చిన తాబేళ్లు. జనవరినుంచి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు చేప కాదు, ఊపిరికి పైకి రావాలి. మరబోటు ఈడ్చే వలలో పడితే రాలేదు. మరబోట్లు ఒడ్డుకి 8 కిలోమీటర్లలోపు వేటాడకూడదని రూలుంది. వేట నిషేధం ఏప్రిల్ 15నుంచి జూన్ 14 దాకా, అది చేపల సంతానం కోసం పెట్టింది, అప్పటికి తాబేళ్లలో చాలావరకు గుడ్లు పెట్టేసి పోతాయి. వలలో ఇనపచువ్వల చట్రం బిగించి, రొయ్య లోపలికి పోయేలా తాబేలు పైకి తప్పించుకునేలా చేసే పరికరం ఎప్పటినుంచో ఉంది. అది లేకుండా పట్టిన రొయ్యని కొనబోమని అమెరికా 1989లో చట్టం చేస్తే, మన దేశం మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్‌లతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది, 1998లో తీర్పు వచ్చింది. చట్టం ఉద్దేశం సరే, అమలు చేసిన తీరులో వివక్ష ఉందన్నారు. మనవాళ్లు గెలిచామనుకున్నారు. 2019నుంచి మన సముద్రపు రొయ్యకి అమెరికా తలుపు మూసింది. చెరువు రొయ్యకి ఆ నిషేధం వర్తించదు. ఎదుర్లంక దిగాక చూసిన చెరువుల రొయ్యని తాబేలు గురించి ఎవరూ అడగరు, నీటికుక్క గురించి అడిగే చట్టం ఇంకా రాలేదు.

మొన్న సఖినేటిపల్లి రేవులో పంటు కోసం కూర్చున్నప్పుడు బావమరిదికి నా ఆలోచన ఒకటి చెప్పాను. ఈ రోడ్డు మీద కిలోమీటరు రాళ్లకి బదులు వేళలు రాయాలి. జొన్నాడ వంతెన మీద: ఎర్రనీరు, కింద పులస. కోరింగ గేటు మీద: ఈ రోజు పాటు ఇన్నింటికి. ముమ్మిడివరం దాటాక: తొలకరి, మెల్లగా పోవలెను, కప్పలు. అంతర్వేది మలుపులో: మాఘం, రాత్రి, లైట్లు ఆర్పవలెను. అంతా విని, పంటు ఒడ్డుకి తగులుతుండగా అన్నాడు: "బావగారూ, బోర్డులు పెట్టించండి, చందా నేనిస్తాను. ఆయ్. కాని మూడోరోజుకల్లా వాటి మీద ఎవడో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేస్తాడండి."